తెలుగు సరిగా కనిపించడం విడుదలకు షరతు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో కొత్త ఫోన్లు, కొత్త బ్రౌజర్లు, యాప్‌ల కొత్త వెర్షన్ల గురించి వచ్చే వార్తలను క్రమం తప్పకుండా చదివే పాఠకుణ్ణి. హైదరాబాదులో వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. జనం రోజూ వేలితో తాకే తెరలు, బటన్లు, దరఖాస్తు ఫారాలు తయారుచేయడం నా పని. ఆ వార్తల్లో కెమెరా ఎంత మెరుగైందో, కృత్రిమ మేధ ఏమేం చేసిపెడుతుందో, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ఉంటుంది గానీ, ఆ కొత్త వెర్షన్‌లో తెలుగు సరిగా కనిపిస్తోందా, తెలుగులో టైప్ చేసిన పేరును ఫారం తీసుకుంటోందా అన్న సంగతి మాత్రం ఉండదు. తెలుగు పత్రిక చదివేవారికి ముందుగా కావలసింది ఆ సంగతే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మీ ఫోన్‌లో భాషను తెలుగుకు మార్చి, నాలుగైదు యాప్‌లు తెరిచి, బటన్ల అడుగు అంచును ఒకసారి గమనించండి. 'రద్దు' అన్నచోట కింది వత్తు తెగిపోయి 'రదు' అని, 'మొత్తం' అన్నచోట 'మొతం' అని, పంటల ధరల పట్టికలో 'పత్తి' కాస్తా 'పతి' అని కనిపించే తెర ఎక్కడో ఒకచోట తగులుతుంది. అనువదించినవారు సరిగానే రాశారు. ఫాంటులో లోపం లేదు. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్ కూడా, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నిటిలోనూ ఉన్నది అదే, హల్లు కింద వత్తును ఉండవలసిన చోటే ఉంచింది. తప్పు జరిగిందల్లా ఆ మాట కూర్చునే పెట్టె కొలతలో.

ఇంగ్లీషు చిన్నక్షరాల్లో గీత కిందికి దిగేవి ఐదే, అవీ కొద్దిగానే దిగుతాయి. ఆ లెక్కతో డిజైనర్ పదహారు పిక్సెళ్ల అక్షరానికి వరుస ఎత్తు 1.2 రెట్లు చాలనుకుంటాడు, బటన్ ఎత్తును ఖాయం చేసేస్తాడు, హద్దు దాటి బయటికి వచ్చిన భాగాన్ని కనిపించకుండా చేయమని, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ కోడ్‌లో ఒక ఆదేశం పెడతాడు. తెలుగులో పైన గుడి, ఏత్వం, ఓత్వం ఎక్కుతాయి. కింద వత్తులు దిగుతాయి. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'జ్యోత్స్న' వంటి మాటల్లో ఒక హల్లుకు రెండేసి వత్తులు చేరతాయి. పైగా ఒకే పేజీని విండోస్ కంప్యూటర్ నిర్మలా యూఐ ఫాంటుతో, ఆపిల్ పరికరం కోహినూర్ తెలుగుతో, ఆండ్రాయిడ్ ఫోన్ నోటో సాన్స్ తెలుగుతో చూపించవచ్చు. ఒక్కో ఫాంటులో వత్తుల లోతు ఒక్కో తీరుగా ఉంటుంది. ఆఫీసు బల్ల మీది ల్యాప్‌టాప్‌లో చక్కగా కుదిరిన మాట, పల్లెలో రైతు చేతిలోని ఫోన్‌లో తెగిపోవడానికి కారణం ఇదే. వరుస ఎత్తును 1.5 పైకి పెంచి, బటన్‌కు ఖాయమైన ఎత్తుకు బదులు కనీస ఎత్తు ఇచ్చి, పైనా కిందా కాస్త ఖాళీ వదిలితే సమస్య చాలావరకు తీరిపోతుంది. ఇది పట్టుమని పది నిమిషాల పని.

వార్తా యాప్‌లలో ఇదే లోపం మరో రూపంలో ఉంటుంది. శీర్షికను రెండు వరుసలకు కుదించి, మిగతాది చుక్కలతో ముగించే పద్ధతి ఒకటుంది. ఆ రెండో వరుస అడుగునే గీత గీసినట్టు కోసేయడం వల్ల దానిలోని వత్తులన్నీ ఒకేసారి మాయమవుతాయి. మీ యాప్ సంగతి కూడా మీరు ఓసారి చూసుకోవాలని మనవి.

కంటికి కనిపించే లోపాలు ఇవైతే, ఫారం నింపబోతే గానీ బయటపడని లోపాలు ఇంకా చికాకు పెడతాయి. 'శ్రీ వెంకటేశ్వర స్వామి' అన్న మాటలను తెలుగు చదువుకున్న ఏ పిల్లవాడైనా ఎనిమిది అక్షరాలుగా లెక్కపెడతాడు. కంప్యూటర్ మాత్రం హల్లును, పొల్లును, గుణింతపు గుర్తును, సున్నాను విడివిడిగా లెక్కించి, రెండు ఖాళీలతో కలిపి ఇరవై రెండు అంటుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే అదే మాట అరవై రెండు బైట్లవుతుంది. పేరుకు ఇరవై అక్షరాలు మించరాదన్న ఫారంలో ఈ పేరు పట్టదు. డేటాబేస్‌లో జాగాను బైట్లలో కొలిచి యాభైకి పరిమితం చేస్తే పేరు 'శ్రీ వెంకటేశ్వర స్' దగ్గరే తెగిపోతుంది. ఎస్ఎంఎస్‌లోనూ ఇదే తంతు: ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాల జాగా ఉంటే, తెలుగు గుర్తు ఒక్కటి చేరినా అది 70కి పడిపోతుంది, సంస్థకు ఖర్చు పెరుగుతుంది, దాంతో ఓటీపీలూ రసీదులూ ఇంగ్లీషులోనే వస్తాయి.

ఇంతకన్నా విచిత్రమైనది ఒకటుంది. పేరులో అంకెలూ గుర్తులూ ఉండకూడదు, అక్షరాలు మాత్రమే ఉండాలి అన్న నియమం పెట్టడం ఫారాల్లో మామూలే. 2018 నాటి ప్రమాణం నుంచి, వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాషలో 'ఏ భాష అక్షరమైనా సరే' అని చెప్పే వీలు వచ్చింది. మంచి ఉద్దేశంతోనే డెవలపర్ దాన్ని వాడతాడు. అయితే అన్ని భాషల లిపులకూ సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో అచ్చులూ హల్లులూ అక్షరాలు గానీ, దీర్ఘం, కొమ్ము, గుడి, పొల్లు వంటివి అక్షరాలు కావు. అవి 'గుర్తులు' అనే వేరే తరగతికి చెందుతాయి. ఫలితంగా 'రమ' అన్న పేరును ఫారం తీసుకుంటుంది, 'రాము' అన్న పేరును చెల్లదని తిప్పికొడుతుంది. తలకట్టుతో మాత్రమే రాయగల పేర్లున్నవారు ఎంతమంది ఉంటారో పాఠకులే ఊహించుకోవచ్చు. నియమంలో గుర్తుల తరగతిని కూడా చేర్చితే సరిపోతుంది. ఎర్రటి అక్షరాలతో 'చెల్లని పేరు' అన్న మాట చూసిన మనిషి మాత్రం తప్పు తన టైపింగ్‌లో ఉందనుకుంటాడు, రెండోసారి ప్రయత్నిస్తాడు, మూడోసారి ఇంగ్లీషుకు మారిపోతాడు.

ఫోటో పెట్టనివారికి పేరులోని మొదటి అక్షరాన్ని గుండ్రటి బిళ్లలో చూపించడం ఇప్పటి ఇంటర్‌ఫేస్ డిజైన్‌లో బాగా స్థిరపడిన అలవాటు. ఇంగ్లీషు పద్ధతిలో మొదటి సంకేతాన్ని, అంటే కంప్యూటర్ విడిగా లెక్కించే మొదటి ముక్కను, తీసుకుంటే శ్రీనివాస్‌కు 'శ' వస్తుంది, జ్ఞానేశ్వరికి 'జ' వస్తుంది. అక్షరాన్ని గుర్తించే పద్ధతి వాడినా, కొన్నేళ్ల క్రితం దాకా యూనికోడ్ సాధారణ సూత్రం 'శ్', 'రీ' అని రెండు ముక్కలు చేసేది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒక్కటిగా పట్టుకునే సూత్రం 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1తో గానీ ప్రమాణంలోకి రాలేదు. బ్రౌజర్లలో అక్షరాలను విడదీసి ఇచ్చే సౌకర్యం ఫైర్‌ఫాక్స్‌లోకి 2024 ఏప్రిల్‌లో చేరడంతో ఇప్పుడు అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉంది. అంటే పనిముట్లు లేవన్న సాకు ఇక చెల్లదు. నిజానికి మీ సాంకేతిక పేజీలో పెద్ద వార్త కావలసినది ఆ యూనికోడ్ విడుదల. తెలుగులో అది వార్తగా వచ్చినట్టు నా కంట పడలేదు.

వెతుకులాట సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. 'హైదరాబాద్' అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తును జతచేసి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కటే, పోల్చి చూసే ప్రోగ్రాముకు వేర్వేరు. రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే ఏర్పాటు జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచే ఉన్నా, దాన్ని వాడని సైటులో హైదరాబాద్ అని వెతికితే హైదరాబాద్ దొరకదు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో టకారపు పొల్లు తరువాతి వకారంతో అతుక్కోకుండా మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి పెడతాం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. వెతికేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, చూపించేటప్పుడు తీసేయకూడదు. ఈ చిన్న విచక్షణ లేని సైట్లే ఎక్కువ.

ఆ కనిపించని సంకేతమే 2018 ఫిబ్రవరిలో తెలుగు లిపిని ప్రపంచ వార్తల్లోకి ఎక్కించింది. జ్ఞకూ దాని తరువాతి దీర్ఘానికీ మధ్య ఆ సంకేతం పడిన సందేశం వస్తే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజెస్, వాట్సాప్ వంటి యాప్‌లు కుప్పకూలేవి. అదే నోటిఫికేషన్‌గా వస్తే హోం స్క్రీనే కూలి మళ్లీ మొదలయ్యేది. అప్పట్లో చాలా వార్తలు 'ఫోన్లను కూల్చే తెలుగు అక్షరం' అన్న ధోరణిలో వచ్చాయి గానీ, దోషం అక్షరానిది కాదు, అక్షరాలను పేర్చే ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ భాగానిది. వార్త పాకిన వారం లోపలే, ఫిబ్రవరి 19న, ఐఓఎస్ 11.2.6తో పాటు మ్యాక్, వాచ్, టీవీలకు కూడా దిద్దుబాట్లు విడుదలయ్యాయి.

అంత త్వరగా ఎందుకు దిద్దారన్నదే నేను చెప్పదలచిన అసలు విషయం. యాప్ కూలితే సంస్థలో గంట మోగుతుంది. కొత్త వెర్షన్‌ను ఒకేసారి అందరికీ ఇవ్వకుండా ముందు కొద్దిమందికి ఇచ్చి, కూలిన సంఖ్య పెరగకపోతేనే మిగతావారికి విస్తరించడం మా రంగంలో మంచి పద్ధతి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్ట ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలిపివేసిన తరువాత ఆ పద్ధతి విలువ అందరికీ తెలిసింది. కానీ ఆ కొలమానాలన్నీ కూలడాన్నీ, ఆలస్యాన్నీ, కొనుగోళ్లు తగ్గడాన్నీ పట్టుకునేవి. వత్తు తెగితే ఏదీ కూలదు. పేరు తిరస్కరించినప్పుడు ప్రోగ్రాము తనకు చెప్పిన నియమం ప్రకారమే నడుచుకుంది కాబట్టి అది దోషంగా నమోదు కాదు. ఫోన్‌ను కూల్చిన తెలుగు లోపం వారంలో పోయింది, కూల్చని తెలుగు లోపాలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి.

విడుదల ఎలా జరుగుతుందో తెలియనివారికి ఇంకో మాట చెప్పాలి. తెరల నమూనాలన్నీ ఇంగ్లీషు మాటలతో గీస్తారు, ఆమోదం కూడా వాటికే తీసుకుంటారు. అనువాదాల ఫైలు విడుదలకు కొద్ది రోజుల ముందు వచ్చి చేరుతుంది. చొక్కా కుట్టేశాక కొలతలు తీసుకున్నట్టుగా ఉంటుంది వ్యవహారం. తెరల చిత్రాలు తీసి పాతవాటితో పోల్చే స్వయంచాలక పరీక్షలు చాలా సంస్థల్లో ఉన్నాయి, అయితే ఆ పరీక్షలు నడిచే లినక్స్ సర్వర్లలో తరచుగా తెలుగు ఫాంటే ఉండదు. చిత్రాల్లో అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. డబ్బాలను డబ్బాలతో పోల్చి ప్రయోజనం లేదని తెలుగు పరీక్షను ఆపేస్తారు. నోటో ఫాంట్ల ప్యాకేజీ ఒకటి చేర్చితే తీరిపోయే ఈ అడ్డంకిని అడిగేవారు లేక ఎవరూ తొలగించరు.

ఒక్కసారి దిద్దుకుంటే శాశ్వతంగా ఉంటుందనుకోవడానికీ లేదు. ఫైర్‌ఫాక్స్ 2020లో, క్రోమ్ 2021లో నాలుగు వారాలకొక వెర్షన్ పద్ధతికి మారాయి. వెబ్‌సైట్లయితే రోజుకు పలుమార్లు మారగలవు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మొత్తం ఇంటర్‌ఫేస్ రూపమే మార్చేస్తారు. నిరుడు కుదిరిన బటన్ ఈ ఏడాది కొత్త డిజైన్‌లో మళ్లీ తెగుతుంది. అందుకే తెలుగు సరిగా ఉండడాన్ని ఎవరో ఫిర్యాదు చేసినప్పుడు చేసే మరమ్మతుగా చూడకుండా, ప్రతి విడుదలకూ ముందు నెగ్గవలసిన పరీక్షగా పెట్టాలి అంటున్నాను. ఆ పరీక్ష నెగ్గకపోతే విడుదల ఆగాలి.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు: తెలుగు ఎంచుకునేవారు తక్కువమంది, అంత శ్రమ దండగ అంటారు. వత్తులు తెగి, పేరు తిరస్కారానికి గురై, వెతికినది దొరకక ఇంగ్లీషుకు మారినవారిని లెక్కపెట్టి, చూశారా జనానికి ఇంగ్లీషే ఇష్టం అనడం న్యాయం కాదు. మెరుగుదల జరగలేదని నేననను. ఒకప్పుడు ఒక్కో తెలుగు పత్రిక సైటు చదవడానికి ఒక్కో ఫాంటు దించుకోవలసి వచ్చేది. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇవాళ యూనికోడ్ అన్నిచోట్లా ఉంది, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పునాది గట్టిపడింది కాబట్టే పైకట్టడంలోని నిర్లక్ష్యం ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది.

ఇది ఇప్పుడే ఎందుకు తొందర అంటే, మనిషికీ తెరకూ మధ్య ఉండే మధ్యవర్తి తప్పుకుంటున్నాడు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైనప్పుడు కౌంటర్ వెనక ఒక ఆపరేటర్ కూర్చునేవాడు. తెర ఇంగ్లీషులో ఉన్నా, తెలుగు తెగినా, అతను సర్దుకుని దరఖాస్తు పూర్తిచేసేవాడు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలను ప్రారంభించింది. పౌరుడు తన ఫోన్‌లో తానే చదువుకుని, తానే పేరు టైప్ చేసి, తానే బటన్ నొక్కే కాలం ఇది. చూపు లేనివారి పరిస్థితి మరీ కష్టం. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక చిన్న గుర్తింపు ఇస్తేనే, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారగలదు. ఇంగ్లీషు పేజీని నకలు చేసి తెలుగు మాటలు నింపినప్పుడు ఆ గుర్తింపు ఇంగ్లీషుగానే మిగిలిపోవడం మామూలు. అప్పుడు ఇంగ్లీషు గొంతు తెలుగును చదవబోయి మాటలను దాటేస్తుంది, లేదా అర్థం కాకుండా పలుకుతుంది. కళ్లున్న పరీక్షకుడికి ఈ లోపం ఎన్నటికీ కనబడదు.

కొత్త చట్టాలేవీ అక్కర్లేదు. వెబ్ అందుబాటుకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1 వెర్షన్ 2018 జూన్‌లో వచ్చింది. పాఠకుడు వరుస ఎత్తును అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లకు పెంచుకున్నా పేజీలో ఏదీ తెగిపోకూడదని, పేజీ భాషను కోడ్‌లో తప్పనిసరిగా పేర్కొనాలని అందులో స్పష్టంగా ఉంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా అదే ప్రమాణాన్ని అనుసరించమంటున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులూ చూపు లేనివారూ ఈ-కేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపును ధ్రువీకరించుకోవడంలో, పడే ఇబ్బందుల మీద తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. విడుదల రోజున ఆ కాగితాన్ని తీసి చూసేవారే లేరు.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. కొత్త ఫోన్ గురించో, కొత్త యాప్ గురించో రాసేటప్పుడు సంస్థ పంపిన ప్రకటనను తెలుగు చేసి వేయడంతో ఆగకుండా, మీ విలేకరి దాన్ని తెలుగులోకి మార్చి ఒక్క పూట వాడి చూడాలి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, పత్తి, హైదరాబాద్, సాఫ్ట్‌వేర్, శ్రీ వెంకటేశ్వర స్వామి అన్న మాటలను పేరు గడిలోనూ, వెతికే గడిలోనూ, బటన్ల మీదా, నోటిఫికేషన్‌లోనూ చూస్తే నేను చెప్పిన లోపాల్లో చాలావరకు బయటపడతాయి. ఫాంటు సైజును పెద్దది చేసి మరోసారి చూడాలి, ఎందుకంటే వయసు పైబడినవారు వాడేది ఆ సైజే. ఏది తెగిందో ఫోటోతో సహా వేయండి. తెర చిత్రం అచ్చులో వస్తే పట్టించుకోని సంస్థ ఉండదని నా నమ్మకం. మా రంగంలో లోపాల జాబితాలో అట్టడుగున పడివున్నది పైకి రావడానికి అంతకు మించిన దారి లేదు.

రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకు మీ పత్రిక ద్వారా మరో విన్నపం. పౌర సేవల సైటునో, యాప్‌నో తయారుచేయించే టెండర్లలో 'తెలుగులోనూ ఉండాలి' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. తెలుగు పేర్లతో దరఖాస్తు మొదలుపెట్టి రసీదు ముద్రించేదాకా పూర్తిచేసి చూపడం, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో తీసిన తెరల చిత్రాలు జతచేయడం, చూపు లేని వాడుకరి ఒకరితో స్క్రీన్ రీడర్ మీద తెలుగు పేజీలను పరీక్షింపజేయడం అప్పగింత షరతుల్లో రాయండి. మొదటి విడుదలకే కాక, నిర్వహణ కాలంలో వచ్చే ప్రతి వెర్షన్‌కూ ఇవే పరీక్షలు వర్తించేలా ఒప్పందం చేసుకుని, ఆ నివేదిక జతచేయని బిల్లును వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
హైదరాబాద్